క్రిమి చచ్చినా విషం చావదు: బాక్టీరియా విషాలు మన కణాలను దెబ్బతీసే తీరు

క్లుప్తంగా: బాక్టీరియా వల్ల వచ్చే చాలా జబ్బుల్లో అసలు దెబ్బ తీసేది క్రిమి కాదు, అది తయారుచేసే విషం. కొన్ని విషాలు కణం పొరకు చిల్లు పెడతాయి. కొన్ని కణంలోకి దూరి ఒకే ఒక్క ప్రోటీన్‌ను మార్చి మొత్తం పనిని తారుమారు చేస్తాయి. మరికొన్ని మన రక్షణ వ్యవస్థనే మన మీదికి ఉసిగొల్పుతాయి. విషం ఏ దారిలో పోతుందో తెలిస్తే ఓఆర్ఎస్ ఎందుకు ప్రాణం నిలుపుతుందో, మళ్లీ మరిగించిన కూర ఎందుకు జబ్బు చేస్తుందో, ధనుర్వాతం వచ్చాక మందు ఎందుకు అంతంతమాత్రంగానే పనిచేస్తుందో అర్థమవుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లిళ్ల కాలంలోనూ, వానలు పట్టాకా ఆసుపత్రుల దగ్గర రెండు ప్రశ్నలు తరచుగా వినిపిస్తాయి. విందు తిన్న రెండు మూడు గంటలకే పంక్తిలో కూర్చున్నవాళ్లు వరసగా వాంతులు చేసుకుంటే, ‘అన్నీ మళ్లీ వేడిచేసే వడ్డించాం, ఇంకా క్రిమి ఎక్కడిది?’ అని వంటవాళ్లు అడుగుతారు. విరేచనాలతో సొమ్మసిల్లిన మనిషి బంధువులేమో, ‘యాంటీబయాటిక్ ఎక్కించారు కదా, ఇంకా ఎందుకు కట్టలేదు?’ అని అడుగుతారు. రెండు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: క్రిమిని చంపితే జబ్బు పోతుందని. ఈ నమ్మకం సగమే నిజం. మిగతా సగం విషానిది.

క్రిమి ఒకచోట, నష్టం మరోచోట

ఈ తేడా మొదట బయటపడింది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా వల్ల. 1884లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ లోఫ్లర్ ఈ జబ్బు తెచ్చే బాక్టీరియాను వేరుచేశాడు. చనిపోయినవారి దేహాలను పరీక్షిస్తే బాక్టీరియా గొంతులోనే కనిపించేది, నష్టం మాత్రం దూరంగా ఉన్న అవయవాల్లోనూ ఉండేది. గొంతు దాటి రాని క్రిమి అంత దూరాన ఎలా దెబ్బ తీసింది? 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ జవాబు కనిపెట్టారు. బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని పింగాణీ వడపోతతో వడకట్టి, ఒక్క క్రిమి కూడా లేని ఆ నీటిని జంతువులకు ఎక్కిస్తే అవీ డిఫ్తీరియా లక్షణాలతోనే చచ్చిపోయాయి. వడపోతలోంచి జారిపోయింది విషమే.

కలరా విషయంలో ఇదే సంగతి రుజువు కావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో కలరా క్రిమిని నిర్ధారించి, ఇది ఏదో విషాన్ని విడుస్తుందని అప్పుడే ఊహించాడు. కానీ ఎవరూ చూపలేకపోయారు. కారణం చిన్నదే. అందరూ జంతువుల రక్తంలోకో చర్మం కిందికో ఎక్కించి చూశారు. కలకత్తాకు చెందిన శంభునాథ్ డే, జబ్బు జరిగేది పేగులో కాబట్టి వెతకాల్సిందీ అక్కడేనని గట్టిగా పట్టుకున్నాడు. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో ముడివేసి, ఆ మధ్య భాగంలోకి క్రిములు లేకుండా వడకట్టిన ద్రవాన్ని ఎక్కించాడు. ముడుల మధ్య పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. 1959లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం తర్వాతి కలరా పరిశోధనకంతటికీ పునాది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ డే పేరును నోబెల్‌కు ప్రతిపాదించినా ఆ బహుమతి ఆయనకు రాలేదు. బతికుండగా ఆయనకు మన దేశంలో తగిన గుర్తింపు దక్కకపోవడం మాత్రం మనం సరిదిద్దుకోవలసిన లోటు.

పొరకు చిల్లు పెట్టేవి

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పలుచని పొర ఉంటుంది. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం, కాల్షియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికే కణం తన శక్తిలో పెద్ద వాటా ఖర్చుచేస్తుంది. ఆ పొరకు చిల్లు పడితే పొటాషియం బయటికి కారిపోతుంది, సోడియం, కాల్షియం లోపలికి దూసుకొస్తాయి, వాటి వెంట నీళ్లూ వస్తాయి. కణం ఉబ్బుతుంది. చిల్లులు కొద్దిగానే ఉంటే కణం ఆ ముక్క పొరను వదిలించుకుని తనను తాను బాగుచేసుకుంటుంది. ఎక్కువైతే పగిలిపోతుంది.

గడ్డలకూ చీముకూ కారణమైన స్టాఫిలోకాకస్ ఆరియస్ వదిలే ఆల్ఫా విషం ఈ తరహాది. ఒక్కో అణువు విడిగా ఉన్నప్పుడు హాని లేదు. కణం పొర మీద ఏడు అణువులు గుండ్రంగా చేరి, ఒక్కసారిగా పొరలోకి దిగి గొట్టంలా నిలుస్తాయి. 1996లో ఈ గొట్టం ఆకృతి స్పష్టంగా తెలిసింది. లోపలి దారి ఇరుకైన చోట సుమారు 1.5 నానోమీటర్లు. పొటాషియం, సోడియం లాంటి అయాన్లు (విద్యుదావేశమున్న కణికలు) పారిపోవడానికి అది చాలు.

ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో గొర్రెలు కాచేవారికి ఈ తరహా విషం పనితనం వేరే పేరుతో బాగా తెలుసు. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేసి, సాయంత్రం దాకా బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి మెడ వెనక్కి విరుచుకుని చచ్చిపడి ఉంటుంది. అదే చిటుక రోగం. మందలో బక్కచిక్కినవాటి కంటే పుష్టిగా ఉన్న పిల్లలే ముందు పోతాయి, ఎందుకంటే ఎక్కువ మేసేవి అవే. మేత ఉన్నట్టుండి మారినప్పుడు అరగని పిండిపదార్థం పేగులోకి జారుతుంది. అక్కడ మామూలుగానే కొద్దిగా ఉండే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం దాన్ని తిని విపరీతంగా పెరిగి, ఎప్సిలాన్ విషం విడుస్తుంది. ఆ విషం పుట్టినప్పుడు నిద్రాణంగానే ఉంటుంది. గొర్రె పేగులోని జీర్ణరసమే దాని చివరి ముక్కను తెంచి దానికి కోరలు తెస్తుంది. ఆ తర్వాత అది రక్తంలో కలిసి మెదడు రక్తనాళాల కణాలకూ మూత్రపిండాలకూ చిల్లులు పెడుతుంది. లక్షణాలు కనిపించాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు కాబట్టే వానలకు ముందే టీకా వేయిస్తారు. మనుషుల్లో ఈ రకం చాలా అరుదు.

ఇదే కోవలోది బీటీ పత్తిలోని విషం. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువును 2002 నుంచి మన దేశంలో సాగుచేస్తున్న పత్తిలో చొప్పించారు. పచ్చపురుగు ఆకు కొరికితే ఆ ప్రోటీన్ దాని పేగులోని క్షారగుణానికి కరిగి, పేగు కణాల మీది ప్రత్యేక గ్రాహకాలను, అంటే తాను అతుక్కోగల చోట్లను పట్టుకుని చిల్లు పెడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, మన పేగు కణాల మీద ఆ గ్రాహకాలు లేవు. అందుకే పురుగును చంపేది మనల్ని ముట్టుకోదు. కొన్నేళ్లకు గులాబీరంగు కాయతొలుచు పురుగు ఈ పత్తికి లొంగకపోవడానికీ ఇలాంటి కారణమే ఉంది. గ్రాహకం మారిన పురుగులు బతికి సంతతిని పెంచుకున్నాయి. విషం ఎంత బలమైనదైనా పట్టుకోవడానికి చోటు దొరకకపోతే వృథా. ఈ సూత్రం మిగతా విషాలన్నిటికీ వర్తిస్తుంది.

కలరా: కణాన్ని చంపకుండానే మనిషిని చంపడం

కలరా బాక్టీరియా పెన్నా, గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోట్ల ఉండేలాంటి ఉప్పు తగిలిన నీళ్లలో సహజంగా బతకగల జాతి. అలా బతికేవాటిలో చాలావాటికి కలరా తెచ్చే శక్తి లేదు. విషం తయారుచేసే జన్యువు వాటికి ఒక వైరస్ ద్వారా సంక్రమిస్తుందని 1996లో తేలింది. అంటే బాక్టీరియాకే ఒక వైరస్ సోకి, దాన్ని ప్రాణాంతకంగా మారుస్తుంది.

ఈ క్రిమి మన పేగు గోడను తొలచదు, రక్తంలోకి పోదు. చిన్నపేగు లోపలి గోడకు అంటుకుని కూర్చుని విషం వదులుతుందంతే. ఆ విషంలో ఆరు ముక్కలుంటాయి. ఐదు ఒకేలాంటివి, గుండ్రంగా అమరి పేగు కణం మీది జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. మధ్యలో ఉన్న ఆరో ముక్కే అసలు విషం. కణం దీన్ని మామూలు సరుకే అనుకుని లోపలికి లాక్కుంటుంది. లోపల ప్రోటీన్లు తయారయ్యే గదుల దాకా అది వెనక్కి ప్రయాణిస్తుంది. సరిగా మడతపడని ప్రోటీన్లను ఆ గదుల్లోంచి బయటికి నెట్టే ఏర్పాటు ఒకటి కణంలో ఉంటుంది. విషపు ముక్క తాను కూడా అలాంటి పాడైన ప్రోటీన్‌నే అన్నట్టు విప్పుకుని, ఆ దారిలోనే కణద్రవంలోకి జారుతుంది.

అక్కడ అది చేసే రసాయన చర్య ఒక్కటే. కణానికి వచ్చే సంకేతాలను అందుకుని అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును నడిపే జీ ప్రోటీన్ మీద చిన్న అణువు ఒకటి అతికిస్తుంది. మామూలుగా ఈ ప్రోటీన్ పని అయ్యాక తనంతట తానే ఆగిపోతుంది. అతుకు పడ్డాక ఆగలేదు. పొలంలో బోరు మోటారు స్టార్టరు ‘ఆన్’లో ఇరుక్కుపోతే నీళ్లు ఆగకుండా పారినట్టే, సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం కణంలో పెరుగుతూనే ఉంటుంది. దాంతో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకునే ఉంటాయి, ఉప్పును తిరిగి పీల్చుకునే మామూలు దారి మూసుకుంటుంది. క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీళ్లు పేగులోకి వచ్చి పడతాయి. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు దాకా పోవచ్చు. బియ్యం కడిగిన నీళ్ల లాంటి విరేచనాలు, గుంటలు పడ్డ కళ్లు, ముడతలు పడ్డ వేళ్లు, అందని నాడి అన్నీ ఈ నష్టానికి గుర్తులే.

ఇంత జరుగుతున్నా పేగు కణాలు చావవు. సూక్ష్మదర్శినిలో చూస్తే గోడ దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. మనిషి చనిపోయేది నీరూ ఉప్పూ పోయి. ఆ రెండూ పోయినంత మేర తిరిగి నింపగలిగితే, విషం పట్టిన కణాలు కొద్ది రోజుల్లో వాటంతట అవే రాలిపోయి కొత్తవి వస్తాయి. పేగు లోపలి పొర సుమారు 3 నుంచి 5 రోజులకొకసారి మారుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ వేసినా విరేచనాలు వెంటనే కట్టకపోవడానికి కారణమిదే. మందు క్రిమిని చంపి కొత్త విషాన్ని ఆపుతుంది, జబ్బు కాలాన్ని తగ్గిస్తుంది. కానీ అప్పటికే కణంలో దూరిన విషం మీద దానికి అధికారం లేదు.

ఓఆర్ఎస్ పనిచేసేది ఇక్కడే. కలరా విషం ఉప్పును పీల్చుకునే ఒక దారిని మూస్తుంది గానీ, గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకునే మరో దారిని ముట్టుకోదు. కాబట్టి ఉప్పు ఒక్కటే ఇస్తే లాభం లేదు, చక్కెర ఒక్కటే ఇచ్చినా లాభం లేదు. రెండూ తగిన పాళ్లలో కలిస్తేనే పేగు వాటిని పీల్చుకుంటుంది, వాటి వెంట నీళ్లను కూడా. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లను డ్రమ్ముల్లో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు సుమారు 3 శాతానికి పడిపోయాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత సూత్రంలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. ఈ పాళ్లు ముఖ్యం. తీపి ఎక్కువైతే ఆ తీపే పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. కూల్‌డ్రింకులు, తియ్యటి పండ్లరసాల డబ్బాలు అందుకే పనికిరావు. ఓఆర్ఎస్ అని ముద్రవేసి తియ్యటి పానీయాలు అమ్మడాన్ని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో నిషేధించింది. ఆ ఆదేశం మంచి పని, ఇంకా ముందే రావలసింది. ప్యాకెట్టు దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపవచ్చు. ఉప్పు వేసిన పలుచని గంజీ మేలే. అందులోని పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారి అదే దారిలో ఉప్పును తీసుకుపోతుంది.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లాంటివి ఇలాంటి జబ్బులకు అనువైనవి. వరద తగ్గాక కంటికి నీళ్లు తేటగానే ఉండవచ్చు. రోజుకు కాసేపే నీళ్లు వదిలే చోట గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడల్లా, పగుళ్లలోంచి పక్క కాలువ మురుగు లోపలికి వెళ్తుంది. కుళాయిలో మొదట వచ్చే నీళ్లు పట్టుకోకుండా వదిలేయాలనీ, తాగే నీళ్లు మరిగించాలనీ ఏఎన్ఎంలు చెప్పేది ఇందుకే.

మరిగించినా పోని విషాలు

విందు ప్రశ్నకు జవాబు స్టాఫిలోకాకస్‌లో ఉంది. ఇది ఎంతోమంది ముక్కులోనూ, చేతి మీది కోతలు, కురుపుల్లోనూ ఉంటుంది. వండినవాళ్ల చేతి నుంచి కోవాలోకో మాంసపు కూరలోకో చేరితే, గోరువెచ్చగా నిలవున్న కొన్ని గంటల్లో పెరిగి విషం తయారుచేస్తుంది. రుచి మారదు, వాసన రాదు. తర్వాత మళ్లీ మరిగిస్తే క్రిములు చస్తాయి. విషం మాత్రం 100 డిగ్రీల దగ్గర అరగంట మరిగినా నిలుస్తుంది. కడుపులోకి పోగానే అది పేగు గోడలోని నాడులను రెచ్చగొట్టి మెదడులోని వాంతి కేంద్రానికి సంకేతం పంపిస్తుంది. తిన్న 1 నుంచి 6 గంటల్లోపే వాంతులు మొదలవడానికి కారణం, విషం కడుపులో తయారుకానక్కరలేదు, పళ్లెంలోనే తయారై ఉంది.

అన్నంలో ఈ పని చేసేది బాసిల్లస్ సీరియస్. దీని బీజాలు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు, బియ్యంతోపాటే వస్తాయి, అన్నం ఉడికినా చావవు. వండిన అన్నాన్ని పెద్ద గంగాళంలో గంటల తరబడి అలాగే ఉంచితే మధ్యలో వెచ్చదనం నిలిచి బీజాలు మొలకెత్తి, సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. అది కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి పొటాషియంను దొంగదారిన పంపి వాటిని పనిచేయనివ్వదు. వేయించినా ఇది చెక్కుచెదరదు. 1970ల్లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవారిలో ఈ జబ్బు మొదట గుర్తింపుకెక్కింది. ముందురోజు వండిన అన్నాన్ని బయటే ఉంచి మర్నాడు వేయించడమే కారణం. మజ్జిగలోనో గంజిలోనో బాగా పులిసిన చద్దన్నం సంగతి వేరు. అక్కడ పెరిగే పులుపు ఈ బాక్టీరియాకు గిట్టదు.

వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదని, ఉంచితే 60 డిగ్రీలకు పైన వేడిగానో 5 డిగ్రీల లోపు చల్లగానో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది విషం పుట్టకుండా ఆపడానికే. పుట్టాక పొయ్యి ఏమీ చేయలేదు.

ప్రోటీన్ల తయారీ ఆగిపోతే

డిఫ్తీరియా విషం కణంలోకి దూరి, ప్రోటీన్లను తయారుచేసే యంత్రం లాంటి రైబోజోమ్ మీద ప్రోటీన్ గొలుసు ఒక్కో మెట్టు ముందుకు కదలడానికి కావలసిన ఈఎఫ్-2 అనే ప్రోటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. విషం ఎంజైము కాబట్టి, అంటే చర్య జరిపినా తాను ఖర్చుకాదు కాబట్టి, ఒకదాన్ని పాడుచేసి మరోదాని మీదికి పోతుంది. ఒక్క అణువు లోపలికి చేరినా కణం చావడానికి చాలని ప్రయోగాల్లో తేలింది. గొంతులో చచ్చిన కణాలు పేరుకుని బూడిదరంగు పొర కడతాయి. రక్తంలో కలిసిన విషం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. గొంతు తగ్గుతున్నట్టు కనిపించిన పిల్లలు రెండో వారంలో గుండె ఆగి పోవడం ఈ జబ్బులోని అత్యంత క్రూరమైన సంగతి.

రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా, కొన్ని రకాల ఈ-కోలై బాక్టీరియాలు వదిలే షిగా విషం లక్ష్యమూ రైబోజోమే, పద్ధతి వేరు. రైబోజోమ్‌లోని ఆర్ఎన్ఏ గొలుసులో ఒకే ఒక్క చోటి నుంచి అడినైన్ అనే ముక్కను తీసేస్తుంది. ఆముదం గింజల్లోని రైసిన్ కూడా సరిగ్గా అదే అడినైన్‌ను తీసేస్తుంది. ఒక బాక్టీరియా, ఒక మొక్క విడివిడిగా ఒకే బలహీనతను పట్టుకున్నాయి. షిగా విషానికి కావలసిన గ్రాహకం మన మూత్రపిండాల రక్తనాళాల్లో ఎక్కువగా ఉండటంతో చిన్నపిల్లల్లో రక్త విరేచనాల తర్వాత మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. పశువుల రక్తనాళాల్లో ఆ గ్రాహకం లేకపోవడంతో అవి ఇలాంటి ఈ-కోలైని ఏ జబ్బూ లేకుండా పేగుల్లో మోస్తూ పేడతో వదులుతాయి. ఈ రకం ఈ-కోలైకి కొన్ని యాంటీబయాటిక్‌లు వాడితే క్రిమి చచ్చే ముందు మరింత విషం విడుదల కావచ్చు. రక్తం పడుతున్న బిడ్డకు దుకాణంలో అడిగి బిళ్లలు వేయకుండా డాక్టరు దగ్గరికే తీసుకుపోవాలనడానికి ఇది బలమైన కారణం.

ధనుర్వాతం, బోటులిజం: ఒకే కోత, రెండు ఫలితాలు

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటాని బీజాలు మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఇనుప తుప్పే దీనికి కారణమన్న నమ్మకం గట్టిగా ఉంది. తుప్పులో విషం లేదు. మేకు లోతుగా గుచ్చి, మట్టిలోని బీజాన్ని గాలి ఆడని చోట వదలడమే ప్రమాదం. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాయి తగిలి నలిగిన వేలు, నాట్లలో అరికాలికి దిగిన ముల్లు, పశువుల కొట్టంలో గీసుకుపోయిన కాలు అన్నీ అలాంటివే. గాయం మీద కాఫీ పొడో పసుపో అద్ది కట్టేస్తే మట్టి లోపలే ఉండిపోతుంది. సబ్బు, ధారగా పడే నీళ్లు దానికంటే ఎన్నో రెట్లు మేలు.

గాయంలో పుట్టిన విషం నాడుల కొసలను పట్టుకుని, నాడీతంతువు లోపల వెనక్కి ప్రయాణించి వెన్నుపాముకు చేరుతుంది. కండరాన్ని బిగించే నాడులతోపాటు, ‘ఇక చాలు’ అని వాటిని ఆపే నాడులు అక్కడ ఉంటాయి. విషం ఆ ఆపే నాడుల్లోకి దూరి సైనాప్టోబ్రెవిన్ అనే ప్రోటీన్‌ను తెంచేస్తుంది. సంకేత పదార్థాలను నింపుకున్న చిన్న సంచులు నాడి కొసకు అంటుకుని తెరుచుకోవాలంటే ఆ ప్రోటీన్ ఉండాలి. అది తెగాక ఆపే సంకేతం రాదు. కండరాలు అదుపు లేకుండా బిగుస్తాయి. దవడ మొదట, తర్వాత మెడ, వీపు. చిన్న చప్పుడుకూ వెలుతురుకూ ఒళ్లంతా విల్లులా వంగుతుంది. మనిషికి స్పృహ మాత్రం పూర్తిగా ఉంటుంది.

బోటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు తెచ్చేది క్లాస్ట్రిడియం బోటులినం అనే బాక్టీరియా విషం. ఈ బోటులినం విషంలో కొన్ని రకాలు సరిగ్గా ఇదే ప్రోటీన్‌ను తెంచుతాయి. కానీ అవి వెన్నుపాము దాకా పోవు, కండరానికి చేరే నాడి కొసలోనే ఆగిపోతాయి. అక్కడ ఆగిపోయేది బిగించే సంకేతం. కనురెప్పలు వాలతాయి, మాట తడబడుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. ఒకే చర్య, జరిగే చోటు వేరైతే ఒకచోట మనిషి కొయ్యబారుతాడు, మరోచోట వాలిపోతాడు. బోటులినం విషం వేడికి పాడవుతుంది, కూరలో పుట్టే స్టాఫిలోకాకస్ విషం పాడవదు. ‘విషం’ అని ఒకే మాటతో అన్నిటినీ కలిపి సలహా ఇవ్వడం ఇందుకే తప్పు.

క్రిమి లేకుండా చావుబతుకుల్లోకి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ బాక్టీరియా తయారుచేసి వదిలేవి. కొన్ని బాక్టీరియాల పై పొరలోనే ఎండోటాక్సిన్ ఉంటుంది. ఇది ఏ కణాన్నీ చీల్చదు, కోయదు. మన తెల్లరక్తకణాల మీది టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి తగిలి శత్రువు వచ్చిందని చెబుతుంది. కొద్దిపాటి విషానికి జ్వరం వస్తుంది, మేలే. రక్తంలో కుప్పలుగా చేరితే రక్షణ కణాలు ఒక్కసారిగా వాపు రసాయనాలను కుమ్మరిస్తాయి. రక్తనాళాలు వదులై ఒత్తిడి పడిపోతుంది, అవయవాలకు రక్తం అందదు. ఈ గ్రాహకం గుట్టు విప్పినందుకు బ్రూస్ బ్యూట్లర్‌కు 2011 నోబెల్‌లో భాగం దక్కింది. జ్వరంతో ఉన్న మనిషి మాట తికమకపడినా, ఊపిరి వేగంగా తీసినా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.

విరుగుడు ఎక్కడి దాకా పోగలదు

1890లో ఎమిల్ బేరింగ్, కిటసాటో షిబసబురో విషానికి అలవాటుపడిన జంతువు రక్తంలో ఆ విషాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుందని చూపారు. 1901లో వైద్యంలో తొలి నోబెల్ బేరింగ్‌కు దక్కింది. ఈ విరుగుడుకు ఒక హద్దుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు, కణంలోకి దూరిన దాన్ని పట్టుకోలేదు. అందుకే డిఫ్తీరియా అనుమానం రాగానే, పరీక్ష ఫలితం కోసం చూడకుండా విరుగుడు ఎక్కిస్తారు. ధనుర్వాతంలో నాడులు కొత్త కొసలు వేసుకునేదాకా వారాల తరబడి మనిషిని కాపాడుతూ ఉండటమే వైద్యం.

టీకా పని ఇంతకంటే ముందు మొదలవుతుంది. 1920ల్లో గాస్టన్ రామన్ ఫార్మలిన్‌తో విషం కాటును తీసేసి, ఆకారాన్ని మాత్రం నిలిపి టాక్సాయిడ్ తయారుచేశాడు. పిల్లలకు 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్‌లో, 16 నుంచి 24 నెలల్లోనూ 5-6 ఏళ్లకూ వేసే డీపీటీలో, 10, 16 ఏళ్లకు, గర్భిణులకు వేసే టీడీలో ఉండేది ఇదే. ఈ కార్యక్రమంతోపాటు ఆసుపత్రి కాన్పులూ పెరగడం వల్లే బాలింతల, పురిటి బిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ధ్రువపరిచారు. వెలితి పెద్దవాళ్లలో, అందులోనూ మగవాళ్లలో మిగిలింది. పదహారేళ్ల తర్వాత వారిని పిలిచి టీకా వేసే రోజేదీ లేదు. క్వారీలో, చెరువు గట్టున, పొలంలో నలభై ఏళ్ల వయసులో పనిచేస్తున్న మనిషికి చివరి టీకా ఎప్పుడు పడిందో అతనికే గుర్తుండదు. పదేళ్లకొకసారి వేయించుకోవడం, మురికి గాయమైతే చివరి టీకాకు అయిదేళ్లు దాటినా మళ్లీ వేయించుకోవడం సాధారణ నియమం. టీకాలు ఎన్నడూ సరిగా పడనివారికి మురికి గాయమైతే టీకా ఒక్కటే చాలదు, దాని ప్రభావం మొదలయ్యేలోపు కాచుకోవడానికి ఇమ్యునోగ్లోబులిన్, అంటే విషాన్ని అడ్డుకునే సిద్ధమైన విరుగుడు కూడా ఇస్తారు.

ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవారికీ టీకా వేయాల్సిందే. మనిషిని చంపడానికి సరిపోయే విషం, శరీరం గుర్తుపట్టి రక్షణ పెంచుకోవడానికి కావలసిన దానికంటే తక్కువ.